పెద్దదానికి ఒక్క జత

మా బావని చుట్టాలందరూ వెనకాల "సోదా" అంటారు. మొహం మీద అనేది నేనొక్కణ్ణే. అక్క మొగుణ్ణి ఆటపట్టించే హక్కు బావమరిదికి కాకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఇత్తడి కుళాయిలు తయారుచేసే ఫ్యాక్టరీలో గేటు మనిషి. షిఫ్టు అయ్యాక బయటికొచ్చే ప్రతివాడి సంచీ, క్యారేజీ చూసి పంపాలి. పంతొమ్మిదేళ్ళుగా అదే గేటు, అదే ఇనప స్టూలు. ఖాళీ క్యారేజీని రెండు వేళ్ళతో ఎత్తి, లోపల ఇత్తడి ముక్క ఉందో లేదో మూత తియ్యకుండానే చెప్పేస్తాడు. మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

గేటు దగ్గర ఆయనకి రెండు సూత్రాలున్నాయి. నేను వాటిని వందసార్లు విన్నాను. మొదటిది, అడక్కముందే సంచీ తెరిచి చూపించేవాణ్ణే ముందు పట్టుకోవాలి. ఏమీ లేనివాడు విసుక్కుంటూ నిలబడతాడట, ఉన్నవాడే నవ్వుతూ ముందుకొస్తాడట. రెండోది, మూసి ఉన్నదాన్ని మనం తెరవకూడదు. దాని సొంతదారు చేతే, సాక్షి ముందు తెరిపించాలి.

ఈ రెండోది ఆయనకి తల బొప్పి కట్టాక వచ్చిన జ్ఞానం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ చేతిసంచీ లాక్కుని తనే తెరిచాడు. అందులో మందుబిళ్ళలు, ఆస్పత్రి కాగితాలు తప్ప ఏమీ లేవు. తన జబ్బు సంగతి నలుగురికీ తెలిసిపోయిందని ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చింది. మర్నాడు పనివాళ్ళందరూ మెషిన్లు ఆపేసి గేటు ముందు కూర్చున్నారు. బావ ఆవిడకి క్షమాపణ చెప్పాకే లేచారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన ఎవరి మూతా తియ్యలేదు. అనుమానించడం మాత్రం మానలేదు.

ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. నేను పళ్ళు తీసుకెళ్తే, రమ్మని పిలిచేలోపే సంచీ ఎత్తి బరువు చూస్తాడు. పిల్లల పుస్తకాల బ్యాగులు గుమ్మం దగ్గరే అందుకుంటాడు. పిల్లల మీద ప్రేమతో మోస్తున్నాడని కొత్తవాళ్ళు అనుకుంటారు. అక్క పెళ్ళయిన కొత్తలో దీనికి నవ్వేది. తర్వాత కొన్నేళ్ళు విసుక్కుంది. ఇప్పుడు ఆ రెండూ మానేసింది.

ఇక నా సంగతి. నేను స్కూలు యూనిఫారాలు అమ్మే షాపులో కొలతలు తీస్తాను. బళ్ళు తెరిచే ముందు మూడు వారాలు మాకు గుక్కెడు నీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు. మెడలో టేపు వేసుకుని రోజంతా భుజాలూ నడుములూ కొలుస్తుంటే పిల్లల కంటే పెద్దవాళ్ళ గురించే ఎక్కువ తెలుస్తుంది. పిల్లాడు ఎలాగూ పెరుగుతాడని రెండు సైజులు పెద్దది కొని, ఏడాదంతా వాడి చేత లాగు పట్టుకుని నడిపించే తండ్రి ఉంటాడు. రోజూ ఉతకడం తన వల్ల కాదని అయిదు జతలు తీసుకునే తల్లి ఉంటుంది. ఎన్ని జతలు అన్నది చూడ్డానికి చిన్న మాటే. కానీ ఆ ఇంట్లో ఉతికేది ఎవరు, ఆరేసుకునే చోటుందా, ఆ పిల్ల ఆ బళ్ళో ఎన్నాళ్ళుంటుంది, అన్నీ ఆ ఒక్క అంకెలో ఉంటాయి.

బావకి మా షాపంటేనే అనుమానం. "కనీసం మూడు జతలు ఉండవలెను" అని స్కూలు నుంచి కాగితం రాగానే దాన్ని జేబులో పెట్టుకుని నా దగ్గరికొస్తాడు.

"ఇది రాసింది స్కూలా, మీ ఓనరా? నా చెవిలో పువ్వులేమైనా కనపడుతున్నాయా నీకు?"

స్కూలే రాసిందని నేను ప్రతి ఏడూ ఒట్టు పెట్టుకుంటాను. నిజం చెప్పాలంటే ఆ కాగితాలు మా షాపు వెనక గదిలోనే ప్రింటవుతాయి. ఆ సంగతి బావకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్తే నన్ను బతకనివ్వడు.

అలా ప్రతి ఏడూ ఒకటే పోట్లాట. అక్క ఇద్దరు పిల్లలకీ మూడేసి జతలు కావాలంటుంది, బావ రెండేసి చాలంటాడు, రెండు రోజులు మూతులు ముడుచుకుంటారు, చివరికి అక్కే నెగ్గుతుంది. ఈ ఏడు పెద్దది, అంటే నా మేనకోడలు, తొమ్మిదో తరగతికి వచ్చింది. చిన్నోడు అయిదు. అక్క ఎప్పటిలాగే చీటీ రాసి బావ చేతికిచ్చింది. అందులో చిన్నోడికి మూడు జతలు, పెద్దదానికి ఒక్క జత అని ఉంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక బావ ఒక్కడే షాపుకొచ్చాడు. చీటీ కౌంటరు మీద పరిచి వేలితో టకటకా కొట్టాడు.

"ఏరా, ఏంటిది?"

"అక్క చేతిరాత."

"చేతిరాత నాకూ తెలుసు. ఒక్క జతేంటి? మీ అక్క తగ్గించి అడగడం నీ జన్మలో ఎప్పుడైనా చూశావా?"

"నీ మాటే విందేమో. నువ్వేగా ఏటా చాలు చాలని గోల పెడతావ్?"

"నేను చాలనాలి, తను చాలదనాలి. అదీ పద్ధతి. నేను నోరు తెరవకముందే తనే తగ్గించిందంటే అర్థమేంటి?"

అర్థం నాకు తెలుసు. మొదటి సూత్రం. అక్క అడక్కముందే సంచీ తెరిచింది.

"అక్కని అడిగావా?"

"అడిగా. పాతవాటికి కుట్లు విప్పి వదులు చేశా, సరిపోతాయంది. పిల్ల నెలనెలా పొడుగవుతోంది, వదులు చేసినవి ఎన్నాళ్ళొస్తాయి? మహా అయితే నెల." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకా విను. బీరువాలో కొత్త తాళం కప్ప ఉంది. రెండు చెవులుండాలి, ఒకటే కనపడుతోంది. పెద్దదానికి చిన్న ఫోటోలు తీయించారు, నాకు చెప్పలేదు. మొన్న మీ అక్క ఫోన్లో ఎవరితోనో దుప్పట్లు రెండు, బకెట్టు ఒకటి అంటోంది. నేను లోపలికి రాగానే ఆపేసి కూరగాయల గురించి మొదలెట్టింది."

"అయితే?"

"అయితే ఏంట్రా? చిన్నోడికి మూడు, పెద్దదానికి ఒకటి. అంటే చిన్నోడు ఏడాదంతా ఇక్కడే ఉంటాడు. పెద్దది నెల తర్వాత ఇక్కడ ఉండదు. మీ అక్క దాన్ని తీసుకుని నన్ను వదిలి వెళ్ళిపోతోంది."

నేను పకపకా నవ్వబోయాను. ఆయన కింది పెదవి వణకడం చూసి సగంలో మింగేశాను. పంతొమ్మిదేళ్ళు దొంగల్ని పట్టిన మనిషి కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాకు జాలేసింది. జాలితో పాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నెల కిందట అక్క నన్ను ఇనప ట్రంకుపెట్టె ఎక్కడ దొరుకుతుందని అడిగింది. నేను చెప్పాను, ఎందుకని అడగలేదు. ఆ మాట ఇప్పుడు బావకి చెప్పలేకపోయాను. నాకూ అక్క మీద అనుమానం మొదలైంది. తోడబుట్టిన దాని మీద.

బావ చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన కవరు ఒకటి తీశాడు. మీద నా మేనకోడలి పేరు అచ్చు అక్షరాల్లో ఉంది. పంపినవాళ్ళ పేరు లేదు, కింద మూల పోస్టు బాక్సు నంబరు ఒక్కటే ఉంది. అంటించిన చోట చెక్కుచెదరలేదు.

"ఎప్పుడొచ్చింది?"

"ఎనిమిది రోజులైంది. నాకు సెలవు రోజు. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు."

"తెరవలేదా?"

"నాది కాదుగా," అన్నాడు, నేనేదో తప్పు మాట అన్నట్టు.

"మరి పిల్లకెందుకు ఇవ్వలేదు?"

"ఎవరు వెతుకుతారో చూద్దామని. వెతికారు. పోస్టు వచ్చే వేళకి తల్లీకూతుళ్ళిద్దరూ గుమ్మంలోనే. నిన్న పెద్దది వీధి చివరిదాకా పోస్టుమాన్ వెంటపడి వెళ్ళింది, నాకేమీ రాలేదా అంకుల్ అని. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది, పని బాగా చేశానన్న వెలుగు. నేనూ తల ఊపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ క్షణాన నాకు కూడా ఆ పిల్ల పరుగు ఒక సాక్ష్యంలాగే కనపడింది.

"ఆదివారం ఇంటికి రా," అన్నాడు. "నువ్వు సాక్షివి."

వెళ్ళాను. వాళ్ళ ముందుగది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, గోడ నుంచి గోడకి కట్టిన తాడు మీద సగం ఆరిన బట్టలు. అక్క బల్ల మీద దుప్పటి మడతపెట్టి చిన్నోడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. పెద్దది మంచం మీద కూర్చుని ఏదో చదువుకుంటోంది. బావ చిన్నోణ్ణి ఆడుకొమ్మని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు. కవరు తీసి పిల్ల పక్కన మంచం మీద పెట్టి, గేటు దగ్గర కూర్చున్నట్టే స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"ఇది ఎవరిది?"

పిల్ల కవరు వంక చూసింది. "నాదే. ఎప్పుడొచ్చింది?"

"అది తర్వాత. తెరువు. మామయ్య చూస్తున్నాడు."

అది తెరవలేదు. ముందు కవరు కిటికీ వెలుతురుకి తిప్పి పోస్టు ముద్ర మీద తారీకు చూసింది. తర్వాత పక్కన చింపింది. కాగితం పైనుంచి కిందికి గబగబా చదివి, చివరి వరుస దగ్గర ఆగిపోయింది.

"అమ్మా," అంది, "రేపే."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి కాగితం అందుకుంది. ఒకసారి చదివింది. మా ముగ్గురిలో ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. వేరే ఊళ్ళో ఉండి చదువుకునే బడి అట. ప్రవేశపరీక్ష రాస్తేనే తీసుకుంటారట. పెద్దది ఆరు నెలల కిందట రాసింది. మొదటి జాబితాలో పేరు రాలేదు, వెయిటింగులో ఉంచారు. ఇప్పుడు సీటు వచ్చింది. రేపు సాయంత్రం అయిదు గంటల్లోపు తండ్రి సంతకంతో వెళ్ళి చేరాలి. చేరకపోతే సీటు తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది.



"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు బావ. గేటు దగ్గరి గొంతుతోనే మొదలెట్టాడు గానీ చివరికొచ్చేసరికి అది పీలగా అయిపోయింది.

"రెండేళ్ళ కిందట దీనికి లెక్కల్లో నూటికి నూరు వచ్చినప్పుడు మీరేం చేశారు?" అంది అక్క.

"ఏం చేశాను? స్కూలుకెళ్ళి చెక్ చేశాను. కరెక్టేనని నేనే అందరికీ చెప్పాను కదా!"

"నలభై మంది పిల్లల ముందు దీన్ని బోర్డు దగ్గర నిలబెట్టి, నిజంగా వచ్చో లేదో చూద్దామని టీచరు చేత ఇంకో లెక్క ఇప్పించారు. అది చేసి చూపించింది. మీరు మీసం మెలేసుకుంటూ ఇంటికొచ్చారు. అది మూడు రోజులు బడికి వెళ్ళనంది. జ్వరమని మీకు అబద్ధం చెప్పాను." అక్క గొంతు పెరగలేదు. "ఈ పరీక్ష సంగతి మీకు చెప్దామని నేనన్నాను. సీటొస్తే చెప్దాం, రాకపోతే వద్దు అని ఇదే అంది. ముందే చెప్తే ఆ బడికీ వెళ్ళి, మా పిల్లకి సీటెలా వచ్చిందని నిలదీస్తారని దాని భయం. వస్తుందో రాదో తెలియకే ఒక్క జత రాశాను. రాకపోతే ఇంకో రెండు కొనుక్కుంటాం. అంతే. ఇందులో దాచిపెట్టి మిమ్మల్ని మోసం చేసిందేం లేదు."

బావ ఊహ తప్పు కాదు. పెద్దది నెల తర్వాత ఇక్కడ ఉండదన్నాడు, ఉండదు. కానీ భార్య పారిపోతుందనుకున్నాడు, కూతురు పై చదువుకి వెళ్తోందని మాత్రం తట్టలేదు. అన్ని రోజులూ పిల్ల గుమ్మంలో దేనికోసం నిలబడిందో అది ఆయన గుండె మీదే, చొక్కా లోపలి జేబులో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మీద కంటే నామీద ఎక్కువ. అక్కని ఒక్కమాట అడిగితే పోయేదానికి సాక్షినై వచ్చి కూర్చున్నాను.

పెద్దది మంచం దిగి ఆయన ముందుకొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అరిచినా బాగుండేది.

"నాన్నా, ఇది ఒక్కటేనా? నాకొచ్చినవి ఇంకేమైనా నీ దగ్గరున్నాయా?"

ఆ అడగడం నాకు తెలుసు. గేటు దగ్గర రోజూ సాయంత్రం వినపడే గొంతే. కోపం లేదు, ప్రేమ లేదు, చూసి పంపాలి అంతే.

బావ నోరు తెరిచాడు. నన్నే అనుమానిస్తావా అంటాడని చూశాను.  లేచి నిలబడి ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. చొక్కా జేబులోంచి పెన్ను, దువ్వెన, బస్సు పాసు, గేటు విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత గోడకి తగిలించిన డ్యూటీ సంచీ తెచ్చి నేల మీద బోర్లించాడు. చేతిరుమాలు, ఒక పాత పేపరు, ఖాళీ క్యారేజీ పడ్డాయి. ఇవన్నీ చూపించమని ఆయన్ని ఎవరూ అడగలేదు. చివరికి ఆ క్యారేజీ ఎత్తి కూతురికి అందించాడు.

"చూసుకో అమ్మా."

అది అందుకుంది. మూత తియ్యలేదు. రెండు వేళ్ళతో ఎత్తి, బరువు చూసి, పక్కన పెట్టింది.

బావ స్టూలు మీద కూలబడ్డాడు. నేను తల తిప్పుకుని తాడు మీద బట్టలు చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత కాసేపటికి పని మొదలైంది. అక్క పక్కింట్లో ఉంచిన ట్రంకుపెట్టె తెచ్చింది. బావ ఫారం మీద మూడు చోట్ల సంతకం చేశాడు. పిల్ల ఆ మూడూ ఒక్కొక్కటీ చూసుకుని మడతపెట్టింది. తెల్లారగానే మొదటి బస్సుకి ముగ్గురూ బయల్దేరారు. చిన్నోణ్ణి మా ఇంట్లో దింపారు. మధ్యాహ్నం రెండింటికి అక్క ఫోన్ చేసి చేర్చుకున్నారని చెప్పింది. నేను షాపులోనే కళ్ళు తుడుచుకున్నాను. కొలతలిస్తున్న పిల్లాడు నన్ను వింతగా చూశాడు.

మంగళవారం మధ్యాహ్నం బావ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. చిన్నోడి మూడు జతలు కట్టి ఇచ్చాను. తీసుకుని వెళ్ళలేదు.

"పెద్దదాని జత?" అన్నాడు.

"అదెందుకు బావా ఇంక? పిల్ల వెళ్ళిపోయిందిగా."

ఆయన కాసేపు టేపు కొస పట్టుకుని వేలికి చుట్టాడు, విప్పాడు. "అక్కడ ఆఫీసులో చెప్పారు, పెట్టె తాళానికి ఒక చెవి పిల్ల దగ్గర, ఒకటి ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండాలని. అది రెండో చెవి తీసింది. నావైపు చూసింది. చూసి వాళ్ళమ్మకిచ్చింది."

 "చిన్నపిల్ల బావా, మర్చిపోతుందిలే," అన్నాను.

"నేనైనా వాళ్ళమ్మకే ఇస్తాను," అన్నాడు. "ఆ జత తియ్యి. దాని కొలత ఇప్పుడెంతుందో అంతే, పెద్ద సైజు వద్దు."

తీశాను. ఆయన ఆ చొక్కా మడత మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు.

"అక్కడ దానికి నచ్చకపోతే, ఉండలేకపోతే, ఏ రోజైనా తిరిగొచ్చేస్తుంది. వస్తే మర్నాడు పొద్దున్న లేచి ఇది వేసుకుని మన బడికి వెళ్ళిపోవాలి. ఎందుకొచ్చావని నేను అడగనురా. ఒక్క మాట అడగను. దానికి ఉత్తరం రాసేటప్పుడు ఆ మాట నువ్వు రాయి. నేను రాస్తే నమ్మదు."

నేను నాలుగు జతలూ ఒకే కవరులో పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని ఎత్తి చూడకుండా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.